డ్రమ్మర్‌కి రెండోసారి ఫోన్ రావాలంటే

మొదటిసారి ఫోన్ రావడం పెద్ద విషయం కాదు. ఏదో బ్యాండ్ డ్రమ్మర్‌కి జ్వరం వస్తుంది, ఎవరి దగ్గరో మీ నంబర్ ఉంటుంది, అంతే. అదే బ్యాండ్ నుంచి రెండోసారి వస్తే మాత్రం మీ పని నచ్చిందని లెక్క. నేను స్టిక్స్ పట్టింది ఎనిమిదో ఏట. మొదటి ఫోన్ పంతొమ్మిదో ఏట వచ్చింది. ఆ బ్యాండ్ వాళ్లు మళ్లీ చేయలేదు. వేరే బ్యాండ్ నుంచి ఆ రెండో ఫోన్ వచ్చేసరికి నాకు ఇరవై నాలుగు. ఎనిమిదికీ ఇరవై నాలుగుకీ మధ్య కనీసం ఆరేళ్లు అక్కర్లేని వాటి మీద దండగ చేశాను. హిట్ పాటల్ని జనం ముందు వాయించే కవర్ బ్యాండ్‌లో కూర్చోవాలని మీకుంటే, ఆ ఆరేళ్లు మీకు మిగలాలని ఇది రాస్తున్నాను. మెరుపు వేగంతో సోలోలు నేర్పేవాళ్లు వేరే ఉన్నారు. నాకు అవి రావు కూడా.

ముందు బకెట్లు

మా ఇంట్లో డ్రమ్స్ లేవు. తిరగేసిన ప్లాస్టిక్ బకెట్లు రెండు, ఒక స్టీలు మూత, మా అక్క పరీక్షలకి తీసుకెళ్లే అట్ట. ఇవే నా కిట్. పెద్ద బకెట్ ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్), చిన్నది స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్), మూత హైహ్యాట్ (ఒకదాని మీద ఒకటి ఉండే జంట తాళాలు). అట్ట ఎందుకంటే దాని క్లిప్పు మీద కొడితే టిక్కుమనేది. కాలితో పెడల్ తొక్కి వాయించే కిక్ డ్రమ్ బదులు మడమతో నేలని తన్నేవాణ్ణి. నాన్నకి సంగీతం ఒక్క ముక్క రాదు. అయినా పక్క గదిలోంచి, "ఒరేయ్, నీ కాలు చేతికంటే ముందు పరిగెడుతోందిరా!" అని అరిచేవారు. నేను నవ్వేసేవాణ్ణి. ఆయన చెప్పింది నిజమేనని తెలియడానికి పదేళ్లు పట్టింది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

పిల్లాడు గిన్నెల మీద దరువేస్తున్నాడని వెంటనే కిట్ కొనెయ్యకండి. మొదటి ఏడాదికి ఒక జత స్టిక్స్, ఒక రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్, ఫోన్‌లో సమానంగా టిక్‌టిక్‌మనే మెట్రోనోమ్ ఉంటే చాలు. కిట్ ముందు కూర్చోబెడితే చేతులు నాలుగు వైపులకీ తిరుగుతాయి, ఆ హడావుడిలో ఏ చెయ్యి బలహీనమో వినపడదు. ప్యాడ్ మీద దాచుకోడానికి చోటుండదు. పైగా పక్కింటివాళ్లు మీతో ఇంకా మాట్లాడుతుంటారు.

స్టిక్స్ మీద 7ఏ, 5ఏ, 5బీ లాంటి గుర్తులుంటాయి. 7ఏ సన్నం, 5బీ లావు. 5ఏ మధ్యస్థంగా, సుమారు 14 మిల్లీమీటర్ల మందం, 16 అంగుళాల పొడవు ఉంటుంది. ఏది కావాలో తెలియనప్పుడు 5ఏ తీసుకోండి. కొనేముందు ఒక్కోదాన్ని బల్ల మీద దొర్లించండి. వంకర ఉంటే ఎగిరెగిరి దొర్లుతుంది. తర్వాత రెండింటినీ ఒకదాని వెనక ఒకటి తట్టి వినండి. ఒకటి టక్, ఒకటి టొక్ అంటే ఆ జత వద్దు. ప్యాడ్ మీద మీ ఎడమచెయ్యి ఎందుకు వేరేలా వినిపిస్తోందో అని నెలల తరబడి బుర్ర బద్దలుకొట్టుకుంటారు. నేను కొట్టుకున్నాను.

చేతులు

పదేళ్లకి స్కూలు బ్యాండులో సైడ్ డ్రమ్ ఇచ్చారు. ఎడమ అరచెయ్యి పైకి తిప్పి, బొటనవేలి సందులో స్టిక్ పెట్టుకోమన్నారు. మెడలో వేలాడే డ్రమ్ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది కాబట్టి, నడుస్తూ వాయించే సైనిక డ్రమ్మర్ల దగ్గర ఆ పట్టు పుట్టింది. కూర్చుని వాయించే స్నేర్‌ని మనకి కావాల్సినట్టు పెట్టుకోవచ్చు. అందుకని కిట్ నేర్చుకునేవాళ్లు రెండు చేతులతోనూ ఒకేలా పట్టుకుంటే సరిపోతుంది. జాజ్ మీద మోజున్నవాళ్లు పాత పట్టు కూడా నేర్చుకుంటారు. అది వాళ్ల సరదా.

స్టిక్ వెనక చివరి నుంచి మూడో వంతు దగ్గర బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోండి. మిగతా వేళ్లు ఊరికే చుట్టుకుని ఉండాలి. సరిగ్గా పట్టుకున్నారో లేదో తెలుసుకోడానికి స్టిక్‌ని ప్యాడ్ మీదకి ఒక్కసారి వదిలి ఎన్నిసార్లు ఎగురుతుందో లెక్కపెట్టండి. ఏడెనిమిదిసార్లు ఎగిరితే బాగుంది. రెండుసార్లకే ఆగిపోతే దాని గొంతు పిసుకుతున్నారన్నమాట. దెబ్బ వెయ్యడం మీ పని. పైకి లేవడం స్టిక్ పని. దాన్నీ మీరే లాగబోతే రెండో గంటకి మణికట్టు పోతుంది.

తర్వాత రూడిమెంట్లు, అంటే డ్రమ్మర్లు నేర్చుకునే ప్రాథమిక దరువులు. డ్రమ్మర్ల సంఘం పర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ 1984లో ఖాయం చేసిన జాబితాలో 40 ఉన్నాయి. నలభై చూసి టెన్షన్ పడకండి. బ్యాండులో నాకు ప్రతిరోజూ పనికొచ్చినవి నాలుగే. సింగిల్స్ అంటే కుడి ఎడమ కుడి ఎడమ. డబుల్స్ అంటే కుడి కుడి ఎడమ ఎడమ. ప్యారడిడిల్ అంటే కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. ఇక ఫ్లామ్ అంటే, ఒక చెయ్యి వెంట్రుకవాసి ముందు మెల్లగా తగిలి, రెండోది గట్టిగా పడడం.

మా మాస్టారు స్టిక్స్ ముట్టుకోనిచ్చేముందు నోటితో పలికించేవారు. నాలుగు దెబ్బలకి తకధిమి, మూడింటికి తకిట. అప్పట్లో విసుగొచ్చేది. ఇప్పుడు ఎవరైనా నేర్పమంటే నేనూ అక్కడే మొదలుపెడతాను. ఈ కసరత్తు చేసి చూడండి. తకధిమి పలుకుతూ సింగిల్స్ వాయించండి. ఒక నిమిషం "త" ఒక్కటే గట్టిగా, మిగతావి మెల్లగా. రెండో నిమిషం "క" గట్టిగా. తర్వాత "ధి", తర్వాత "మి". "క" దగ్గరికి రాగానే ఎడమచెయ్యి బండారం బయటపడుతుంది. మాస్టారు మాకు వీపు తిప్పి కూర్చుని వినేవారు. శబ్దం తేడా వచ్చినప్పుడల్లా చూడకుండానే "ఎడమ" అనేవారు. ఒక్కోరోజు క్లాసంతా ఆ ఒక్క మాటే.

రోజుకి 25 నిమిషాలు చాలు. ఆదివారం మూడు గంటలు కొట్టి ఆరు రోజులు వదిలేస్తే బొబ్బలొస్తాయి తప్ప చెయ్యి రాదు. బొబ్బలొస్తే టేపు చుట్టండి. నొప్పి మణికట్టులోనో మోచేతిలోనో వస్తే మాత్రం ఆ రోజుకి ఆపేసి, పట్టు సడలించండి.

మెట్రోనోమ్

నేను దండగ చేసిన ఏళ్లు ఇక్కడివే. పదహారేళ్లప్పుడు నిమిషానికి 200 బీట్ల దగ్గర సింగిల్స్ వాయించడమే నా లోకం. ఫ్రెండ్స్ చుట్టూ చేరి చూసేవాళ్లు. ఒకరోజు మాస్టారు 60కి పెట్టి, "సింపుల్ బీట్ ఒకటి, అయిదు నిమిషాలు. ఫిల్ వద్దు, క్రాష్ వద్దు" అన్నారు. ఫిల్ అంటే పాట ఒక భాగం నుంచి ఇంకో భాగానికి మళ్లే చోట వేసే చిన్న దరువు, క్రాష్ అంటే పెద్దగా మోగే సింబల్, అదే తాళం. రెండో నిమిషానికే క్లిక్ ఒక చోట, నేను ఒక చోట.

60 దగ్గర రెండు క్లిక్‌ల మధ్య పూర్తిగా ఒక సెకను ఉంటుంది. తకధిమిలో ఒక్కో అక్షరానికి పావు సెకను. వేగంగా వాయించేటప్పుడు చేతుల ఊపే మనల్ని లాక్కుపోతుంది. నెమ్మదిగా వాయించేటప్పుడు ఆ ఖాళీని మనమే కొలవాలి. జర్మన్ ఆవిష్కర్త మేల్జెల్ 1815లో మెట్రోనోమ్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి నుంచి సంగీతం నేర్చుకునే ప్రతివాడూ ఆయన్ని తిట్టుకుంటూనే ఉండి ఉంటాడు. నా వంతు నేనూ తిట్టాను.

క్లిక్‌తో సరిగ్గా ఉన్నారో లేదో తెలుసుకోడానికి ఒక గుర్తుంది. మీ స్నేర్ దెబ్బ దాని మీదే పడితే క్లిక్ వినపడదు, దెబ్బ కింద కప్పబడిపోతుంది. ముందో వెనకో వినిపిస్తుంటే మీరు తప్పినట్టు. అలా వరసగా నాలుగు బార్లు (బార్ అంటే నాలుగు బీట్ల ఒక చుట్టు) క్లిక్‌ని మాయం చేయగలిగితే తర్వాతి మెట్టుకి వెళ్లండి. పాట టెంపో (వేగం) 100 అయితే మెట్రోనోమ్‌ని 50కి పెట్టి, ఆ క్లిక్‌లని 1, 3 బీట్లుగా కాక 2, 4 బీట్లుగా వినండి. మొదటి రోజు తల తిరుగుతుంది. వారానికి అలవాటవుతుంది. ఆ తర్వాత క్లిక్ నాలుగు బార్లు వినిపించి నాలుగు బార్లు ఆగిపోయేలా పెట్టుకోండి. అలా పెట్టుకునే వీలు యాప్‌లో లేకపోతే ఇంట్లో ఎవరినైనా వాల్యూమ్ తగ్గించి పెంచమనండి. క్లిక్ తిరిగొచ్చినప్పుడు మీరు ఎక్కడున్నారో, స్టేజి మీద కూడా అక్కడే ఉంటారు.

ఇంకొకటి, దీనికి కాస్త ధైర్యం కావాలి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. నాది నేను మొదటిసారి విన్నప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మూడు బార్లు బుద్ధిగా సాగేది. నాలుగో బార్‌లో ఫిల్ మొదలవగానే ఒంట్లోకి దెయ్యం దూరినట్టు పరిగెత్తేవాణ్ణి. మందు ఏమిటంటే, ఆ ఫిల్‌ని ముందు నోటితో పలకండి, చేతులు బీట్‌ని వదలకూడదు. తర్వాత ఫిల్ వాయించండి, కానీ బీట్ కంటే మెల్లగా. గట్టిగా కొట్టాలన్న ఆత్రం తగ్గితే తొందర కూడా తగ్గుతుంది.

నాన్న చెప్పిన కాలు సంగతి కూడా ఆ రికార్డులోనే దొరికింది. కిక్, హైహ్యాట్ కలిసి పడాల్సిన చోట "డబ్" అనకుండా "డ-బ్" అనేది. కాలు ముందు, చెయ్యి వెనక. దీనికి వేరే కిటుకేమీ లేదు. కిక్, హైహ్యాట్ రెండే తీసుకుని, 50 దగ్గర, రెండు శబ్దాలు ఒక్కటిగా వినిపించేదాకా వాయించాలి. నాకు మూడు నెలలు పట్టింది.

కిట్ ముందు కూర్చోవడం

డ్రమ్ కిట్ పుట్టుకతో ఒక్క వాయిద్యం కాదు. పెద్ద డ్రమ్ ఒకరు, చిన్న డ్రమ్ ఒకరు, తాళాలు ఒకరు వాయించేవారు. 1909లో అమెరికాలో లడ్విగ్ సోదరులు వేగంగా పనిచేసే కాలి పెడల్ తయారుచేశాక, ఒక్కడే కూర్చుని ముగ్గురి పనీ చేయడం సులువైంది. కాబట్టి మీ కాళ్లూ చేతులూ మొదట్లో గొడవపడితే కంగారుపడకండి. ముగ్గురు మనుషుల్ని ఒక్కరిలో కుక్కుతున్నారు.

కుడిచెయ్యి హైహ్యాట్ మీద బార్‌కి ఎనిమిది, స్నేర్ 2, 4 మీద, కిక్ 1, 3 మీద. ఇది కుదిరాక చేతుల్ని అస్సలు మార్చకుండా కిక్‌ని మాత్రమే ఒక్కో అడుగు జరపండి. మూడో బీట్‌ని తకధిమిగా పలుకుతూ, "త" మీద ఉన్న కిక్‌ని "ధి" మీదకి జరపండి, తర్వాత "మి" మీదకి. కవర్ పాటల్లో వచ్చే బీట్లలో చాలాభాగం ఈ జరపడాల నుంచే వస్తాయి. ఒకేరోజు పది మార్పులు పట్టుకుంటే ఒక్కటీ నిలవదు. రోజుకి ఒకటి చాలు.

స్టూలు ఎత్తు చూసుకోండి. తొడలు మోకాళ్ల వైపు కొంచెం కిందకి వాలాలి. మోకాళ్లు పైకి లేస్తే నడుము మీద భారం పడుతుంది. సింబల్స్ కోసం చెయ్యి చాచాల్సొస్తే వాటిని దగ్గరికి లాక్కోండి. ఎవరో పెట్టిన కిట్ ముందు మర్యాదకి పోయి అలాగే కూర్చుని వాయించిన రాత్రి నాకు ఇంకా గుర్తుంది. భుజానికీ గుర్తుంది. ఎడమచేతివాటం వాళ్లు కిట్ మొత్తం తిప్పుకోవచ్చు, తిప్పకపోయినా పరవాలేదు. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ ఎడమచేతివాటం మనిషే, కుడిచేతి కిట్ మీదే వాయించాడు. ఆయన ఫిల్స్ వింతగా మలుపు తిరగడానికి అదొక కారణం.

ట్యూనింగ్‌కి డ్రమ్ కీ ఒకటి ఎప్పుడూ జేబులో ఉండాలి. కొత్త హెడ్ (డ్రమ్ మీద బిగించే పొర) వేసినప్పుడు బోల్టులన్నీ వేళ్లతో బిగించి, తర్వాత పక్కపక్కవి కాకుండా ఎదురెదురువి బిగిస్తూ రండి, ఒక్కోదానికి పావు చుట్టు. ప్రతి బోల్టు దగ్గర అంచు నుంచి అంగుళం లోపల తట్టి, అన్నిచోట్లా ఒకే శృతి వచ్చేదాకా సవరించండి. చర్మపు హెడ్ల కాలంలో గాలిలో తేమ మారితే శృతి మారిపోయేది. 1950ల చివర్లో ప్లాస్టిక్ హెడ్లు వచ్చాక ఆ బాధ పోయింది. కిక్ లోపల హెడ్‌కి తగిలేలా ఒక దిండు పెడితే బొంయ్‌మనడం తగ్గుతుంది.

పాటని పట్టుకోవడం

పంతొమ్మిదేళ్లప్పటి ఆ ఫోన్ కథ ఇప్పుడు చెప్పాలి. పాటలన్నీ నాకు వచ్చు అనుకున్నాను. వందసార్లు విన్నవే. ఫిల్స్ కూడా కంఠస్థం. మూడో పాట బాగానే నడుస్తోంది. రికార్డులో ఆ పాట చివర వాల్యూమ్ మెల్లగా తగ్గిపోయి ఆగిపోతుంది. స్టేజి మీద ఎవరు తగ్గుతారు? గాయని నా వైపు చూసింది. నేను కీబోర్డ్ అతని వైపు చూశాను. అతను నేల వైపు చూశాడు. పాపం ఆ చివరి లైన్‌ని ఆవిడ పదకొండుసార్లు పాడింది. చివరికి గిటార్ వాయించే అబ్బాయి ఆపేశాడు, మిగతావాళ్లం ఒక్కొక్కరం రాలిపోయాం. జనం చప్పట్లు కొట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించారు.

అందుకే ఇప్పుడు ఏ కొత్త పాటైనా చివరి నుంచి మొదలుపెడతాను. ఎలా ఆగుతుంది? ఫేడ్-అవుట్ అయితే మనమే ఒక ముగింపు కట్టాలి. పల్లవి మొదటి లైన్ మూడుసార్లు, మూడోసారి చివరి మాట మీద అందరూ కలిసి ఒక్క దెబ్బ. ఇంతకంటే తెలివైనది అక్కర్లేదు. బ్యాండ్‌కి ముందే మెసేజ్ పెట్టేస్తాను.

తర్వాత స్టిక్స్ పక్కన పెట్టి పాటని రెండుసార్లు వింటూ పటం గీస్తాను. ఒక పాటకి ఒక్క కాగితం, స్టేజి మసక వెలుతురులో కూడా కనపడేంత పెద్ద అక్షరాలు. నా కాగితం ఇలా ఉంటుంది, మొదటి అంకె టెంపో, మిగతావి బార్లు, రైడ్ అంటే నిలకడగా వాయించే పెద్ద సింబల్. "104. ఇంట్రో 4, హైహ్యాట్ మాత్రమే. పల్లవి 8. మ్యూజిక్ 8, రైడ్. చరణం 16, చివరి 2 బార్లు ఆగు. పల్లవి 8. రెండో మ్యూజిక్ 12 (8 కాదు!). చరణం 16. పల్లవి మూడుసార్లు, కట్." ఆ "8 కాదు" లాంటివే అసలు కొంప ముంచేవి. పాటల్లో నాలుగు, ఎనిమిది బార్లకి అలవాటుపడిన ఒళ్లు, పన్నెండు వచ్చినచోట ఎనిమిదికే క్రాష్ కొట్టేస్తుంది.

పటం అయ్యాక కిక్, స్నేర్ మాత్రమే రాసుకుంటాను. ఆ తర్వాత, ఈ పాటలో ఏది వాయించకపోతే వినేవాళ్లకి వెలితిగా ఉంటుందో చూస్తాను. కొన్ని పాటల్లో జనం గాల్లో చేతులు ఆడిస్తూ తామే వాయించే ఫిల్ ఒకటుంటుంది. అది దెబ్బకి దెబ్బ ఉన్నదున్నట్టు రావాలి. మిగతా ఫిల్స్ మీ ఇష్టం. ఆ ముఖ్యమైన ఒక్కటి తప్పితే మిగతా మూడు నిమిషాలు ఎంత బాగా వాయించినా గుర్తుండదు.

ఏం వాయించడం లేదో కూడా వినండి. రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ స్నేర్ కొట్టే బీట్ దగ్గర కుడిచేతిని హైహ్యాట్ మీద నుంచి తీసేసేవాడు. వింటే ఒక చిన్న ఖాళీ, అందులో స్నేర్ ఒంటరిగా పడుతుంది. వాళ్ల పాటని మామూలుగా ఎనిమిదీ కొట్టి వాయిస్తే, తప్పేమీ లేకపోయినా ఏదో తేడాగా ఉంటుంది. నాకు ఆ తేడా ఏమిటో పట్టుకోడానికి వీడియో చూడాల్సొచ్చింది.

చాలా రికార్డులలో డ్రమ్స్ ఒక్కటే ఉండదు. మెషిన్ లూప్ ఒకటి, తోలు వాయిద్యం ఒకటి, గలగలలాడే షేకర్ ఒకటి కలిసి ఉంటాయి. మీకున్నవి రెండే చేతులు. అన్నీ కొట్టబోతే ఏదీ వినపడదు. కళ్లు మూసుకుని వినండి. మీ ఒళ్లు దేనికి ఊగుతోందో అది ఉంచండి. షేకర్ పనిని హైహ్యాట్ చేస్తుంది. తోలు వాయిద్యం నడకని ఫ్లోర్ టామ్ మీద ముఖ్యమైన రెండు మూడు దెబ్బలతో సూచించవచ్చు. లేదా స్నేర్ మీద ఎడమచేత్తో వినీ వినపడనట్టు ఘోస్ట్ నోట్స్ వేయవచ్చు. స్టిక్ తల ఒక అంగుళం కంటే పైకి లేవకూడదు వాటికి.

చివరగా, రికార్డుతో కలిపి వాయించి "వచ్చేసింది" అనుకోకండి. అక్కడ అసలు డ్రమ్మర్ మిమ్మల్ని మోస్తున్నాడు. పాట ఆపేసి, కాగితం ముందు పెట్టుకుని, మనసులో పాడుకుంటూ క్లిక్‌తో మొదటి నుంచి చివరిదాకా వాయించండి. తడబడిన చోట కాగితం మీద గుర్తు పెట్టండి.

రిహార్సల్

బేస్ గిటార్ మనిషి పక్కన కూర్చోండి. మీ కిక్, అతని నోటు కలిసి పడితే మిగతా బ్యాండ్ ఎలా ఉన్నా పాట నిలబడుతుంది. ఇద్దరే అరగంట ముందు కలిసి వాయించుకోగలిగితే ఇంకా మంచిది. టైము తక్కువున్నప్పుడు పాట మొత్తం వాయించకండి. పల్లవి చివరి రెండు బార్లు, మ్యూజిక్ మొదటి రెండు బార్లు, ఇలా అతుకులు మాత్రమే వాయించుకోండి. పాట తెగేది అక్కడే.

ఇంకో మాట, డ్రమ్మర్లందరి తరఫునా సిగ్గుపడుతూ చెబుతున్నాను. ఎవరైనా మాట్లాడుతున్నప్పుడు వాయించకండి. గిటార్ అతను కీబోర్డ్ అతనికి కార్డ్ చెబుతుంటే మనం వెనక డుబడుబలాడిస్తాం. స్టిక్స్ స్నేర్ మీద పెట్టేసి చేతులు తొడల మీద పెట్టుకోండి. ఈ ఒక్క అలవాటుకే నన్ను ఒక బ్యాండ్ వాళ్లు తెగ మెచ్చుకున్నారు.

స్టేజి

గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు 104 పాట మీకు నెమ్మదిగా అనిపిస్తుంది, 112కి లెక్కపెట్టేస్తారు. గాయకుడికి ఊపిరి అందదు. కౌంట్ ఇచ్చేముందు క్లిక్‌ని చెవిలో ఒక్కసారి వినండి. అది లేకపోతే ఇంట్రోని కాకుండా పల్లవిని మనసులో పాడుకోండి. మాటలున్న చోట తొందరపడితే నాలుక తడబడుతుంది, వెంటనే తెలిసిపోతుంది. టెంపో దొరికాక స్టిక్స్‌తో రెండు బార్లు, మొదటి బార్‌లో 1, 3 మాత్రమే, రెండో బార్‌లో నాలుగూ. గట్టిగా, అందరికీ కనపడేలా.

పెద్ద స్టేజి అయితే ఒక చిక్కుంది. శబ్దం గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. పది మీటర్ల అవతల ఉన్న స్పీకర్ నుంచి గిటార్ మీకు చేరేసరికి దాదాపు 29 మిల్లీసెకన్లు అవుతుంది. దాని వెంట నడిస్తే మీరు ఆలస్యం, మీ ఆలస్యాన్ని విని అతను ఇంకా ఆలస్యం, అలా పాట నెమ్మదించిపోతుంది. మీ పక్కన మానిటర్ (మీరు వినడానికే పెట్టే స్పీకర్) పెట్టించుకుని బేస్, పాడేవాళ్ల గొంతు రెండూ అందులో అడగండి. సౌండ్ చెక్‌లో అడగడానికి మొహమాటపడితే ఆ తర్వాత రెండు గంటలు గుడ్డివాడిలా వాయించాలి.

చిన్న గదిలో గట్టిగా వాయించడమే పంతొమ్మిదో ఏట నా రెండో తప్పు. మెల్లగా అంటే నీరసంగా అని కాదు. స్టిక్‌ని తక్కువ ఎత్తు నుంచి వేయండి, క్రాష్ బదులు రైడ్ అంచు వాడండి, స్నేర్ మీద చిన్న గుడ్డ వేయండి. అవసరమైతే సన్నపుల్లల కట్టలాంటి రాడ్స్ వాడండి. కిక్ కంటే స్నేర్, స్నేర్ కంటే సింబల్ గట్టిగా వినిపిస్తుంటే తలకిందులుగా వాయిస్తున్నట్టు.

పాట మధ్యలో దారి తప్పితే హైహ్యాట్, 2, 4 మీద స్నేర్ వదలకండి. ఫిల్ వద్దు, క్రాష్ వద్దు. పల్లవి ఎలాగూ వస్తుంది, అక్కడ ఎక్కేయొచ్చు. స్టిక్ జారిపడితే వంగకండి, పక్కన సంచిలోంచి ఇంకోటి తీసుకోండి. ఆ సంచిలో నాకెప్పుడూ మూడు జతల స్టిక్స్, డ్రమ్ కీ, టేపు, గుడ్డ, స్నేర్ హెడ్ ఒకటి, ఇంకో పెడల్, చెవులకి ప్లగ్గులు ఉంటాయి. కిక్ ముందుకి జారకుండా కింద పరిచే చిన్న కార్పెట్ ఒకటి విడిగా మోసుకెళ్తాను.

చెవి ప్లగ్గుల్ని చాదస్తం అనుకోవద్దు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి ఎనిమిది గంటలు మించకూడదని అమెరికా పని భద్రతా సంస్థ నియోష్ సిఫార్సు. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 దగ్గర పావుగంటే. గదిలో గట్టిగా వాయించే కిట్ ఆ 100ని తేలిగ్గా దాటుతుంది. నా కుడి చెవిలో రాత్రిళ్లు సన్నగా ఒక కూత వినిపిస్తుంది. అది నేను ప్లగ్గులు పెట్టుకోని ఏళ్ల గుర్తు.

ఇరవై నాలుగో ఏట ఒక బ్యాండ్ వాళ్ల డ్రమ్మర్ చెయ్యి విరిగితే, నాలుగు రోజుల్లో 21 పాటలు నేర్చుకుని వెళ్లాను. 21 కాగితాలు, ఒక్కోదాని కింద ఎర్ర సిరాతో ముగింపు. ఆ రాత్రి రెండు ఫిల్స్ తప్పాను, ఒకచోట స్టిక్ జారింది. ఎవరూ ఆ ఊసెత్తలేదు. పది రోజుల తర్వాత పాడే అతను ఫోన్ చేశాడు. "శనివారం ఖాళీయేనా? పదిహేడు పాతవే, నాలుగు కొత్తవి. ఎండింగులు నువ్వే చూసి పెట్టు."

ఆ నాలుగింటిలో మూడు ఫేడ్-అవుట్లే.